గినీ గడ్డి పిలకలు మేలైనవే, కరపత్రంలోని సలహాలే మార్చాలి

పూలమొక్కలకూ పండ్లమొక్కలకూ పేరుపడిన కడియం ప్రాంతంలో కేవలం పశుగ్రాసం మీద నడిచే దుకాణాలు తక్కువ. అటువంటి దుకాణం ఒకదాని నుంచి మా కోనసీమ కొబ్బరి తోటలో అంతర పంటగా వేయడానికి గినీ గడ్డి పిలకలనూ, గట్టు వెంబడి నాటడానికి సంకర నేపియర్ కణుపులనూ తెప్పించుకుని, ఒక వర్షాకాలమూ ఒక వేసవీ గడిచిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. దుకాణం పేరు రాయడం లేదు. గడ్డితోపాటు వారు పంచే కరపత్రంలో నేను ఎత్తిచూపబోయే లోపం ఆ ఒక్కరిదే కాదు. ఆ మాటలే అచ్చయిన కరపత్రాలు పశుగ్రాసం అమ్మే చాలామంది దగ్గర కనబడుతున్నాయి.

ముందుగా సరుకు సంగతి చెప్పాలి, ఎందుకంటే అందులో వంక పెట్టవలసింది దాదాపు లేదు. గినీ పిలకలను ముదిరి బోలుపడిన దుబ్బు నడిమి భాగం నుంచి కాక, చురుకుగా పెరుగుతున్న అంచుల నుంచి విడదీసి, వేళ్లు తెగకుండా, ఆకులను మాత్రం జానెడు ఎత్తుకు కోసి, తడిపిన గోనెసంచుల్లో చుట్టి ఇచ్చారు. ఆకు తగ్గించి ఇవ్వడం వల్ల దారిలో పిలక వాడిపోదు. నాటిన తరువాత కొత్త వేరు పట్టే వరకు నీరు కోల్పోవడం కూడా తగ్గుతుంది. మేము తెచ్చినవాటిలో చచ్చినవి చాలా కొద్ది. నేపియర్ కణుపులు మరీ లేతవీ కాక, మరీ ముదురువీ కాక, ఒక్కొక్క ముక్కకు రెండు మూడు కన్నులు ఉండేటట్లు కోసినవి. లెక్కకు మించి కొన్ని అదనంగా వేయడం ఆ యజమాని మర్యాద. పిలక ఒక్కింటికి రూపాయి అన్నది ఈ ప్రాంతంలో న్యాయమైన ధరే. అయితే వరుసల మధ్య 50 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 30 సెంటీమీటర్లు దూరం పెడితే ఎకరానికి సుమారు 27,000 పిలకలు కావాలి కాబట్టి, చిన్న రైతు మొత్తం ఒకేసారి కొనకుండా రెండు మూడు సెంట్లకు సరిపడా తీసుకుని, ఏడాది తిరిగేసరికి ఆ దుబ్బులనే విడదీసి తోటంతా విస్తరించుకోవడం మంచిది. ఈ మాట యజమాని తానే చెప్పారు. తన వ్యాపారం తగ్గే సలహాను కూడా అడిగినవారికి దాచకుండా ఇచ్చే మనిషి కనుకనే ఆయన పంచే కరపత్రం గురించి ఇంత వివరంగా రాయాలనిపించింది.

ఆ కరపత్రంలో పెద్ద అక్షరాలతో మూడు హామీలు ఉన్నాయి. ఎంత మేపినా, ఎంత కోసినా ఈ గడ్డి తిరిగి వస్తుందన్నది మొదటిది. వేసవిలో మోళ్లకు నిప్పు పెడితే కొత్త చిగురు దట్టంగా వస్తుందన్నది రెండవది. చుట్టూ ఉన్న చెట్లను, కొమ్మలను తొలగించి ఎండ తగలనిస్తే దిగుబడి రెట్టింపవుతుందన్నది మూడవది. "కాల్చినా చావదండి, కోసేకొద్దీ వస్తుందండి" అని యజమాని నోటితో కూడా చెప్పారు. ఈ మూడింటిలోనూ కొంత నిజం ఉంది. ఆ కొంత నిజమే రైతును తప్పుదారి పట్టించగలదు గనుక ఒక్కొక్కదాన్నీ విడిగా పరిశీలించవలసి ఉంది.

గినీ, నేపియర్ రెండూ ఆఫ్రికా నుంచి వచ్చిన గడ్లు. చెట్లు అక్కడక్కడ, వాటి కింద ఎడతెగని గడ్డి ఉండే సవన్నా నేలల్లో ఇటువంటి ఉష్ణమండలపు గడ్లకు మేసే జంతువులూ, పొడి రుతువులో వచ్చే మంటా, చెట్ల నీడా అనాదిగా తెలిసినవే. మన చెరకు, జొన్న, మొక్కజొన్నల మాదిరిగా ఎండను, వేడిని బాగా వాడుకునే ఈ జాతి గడ్లు సుమారు 80 లక్షల ఏళ్ల కిందట మొదలుకొని భూమి మీద విస్తారంగా వ్యాపించాయి. వీటి ఓర్పుకు మూలం శరీర నిర్మాణంలో ఉంది. చాలా చెట్లకు పెరిగే మొన కొమ్మ చివర ఉంటే, గడ్డికి అది నేలను ఆనుకుని, పాత ఆకుల తొడుగుల మధ్య దాగి ఉంటుంది. ఆకు కూడా అడుగు నుంచే పొడవు పెరుగుతుంది. అందువల్ల పైభాగాన్ని పశువు కొరికినా, కొడవలి కోసినా, మంట మాడ్చినా మొక్క చావదు. కరపత్రం ఇంతవరకు చెప్పి ఆగిపోయింది. ఆ మొక్క తిరిగి లేవడానికి ఖర్చుపెట్టే నిల్వ ఎక్కడి నుంచి వస్తుందో, ఆ నిల్వ మళ్లీ నిండడానికి ఎంత వ్యవధి కావాలో చెప్పలేదు.

మేపు విషయం తీసుకుందాం. తేలికగా మేసిన దుబ్బు అసలు మేయని దుబ్బు కంటే ఎక్కువ పిలకలు వేస్తుంది. ముదిరిన ఆకు తొలగి అడుగుకు వెలుతురు చేరడం, పై మొన పోయినప్పుడు అడుగు మొగ్గలు మేల్కొనడం ఇందుకు కారణాలు. కానీ ఒకేసారి ఆకులో సగానికి మించి తీసేస్తే వేళ్ల పెరుగుదల ఆగిపోతుందని అమెరికా నేల పరిరక్షణ శాఖకు చెందిన ఎఫ్. జె. క్రైడర్ 1955లో ప్రచురించిన ప్రయోగాలు స్పష్టంగా చూపించాయి. వేరు పెరగని గడ్డి పైకి పచ్చగానే కనబడుతుంది, చిగురు కూడా వేస్తుంది; ఆ చిగురును మళ్లీ వెంటనే పశువుకు అప్పగిస్తే మాత్రం మొదటి బెట్టకే దుబ్బు సగం ఎండిపోతుంది. ఆఫ్రికా సవన్నాల్లో పశువులు ఇష్టంగా తినే బహువార్షిక గడ్లు అతిమేపు వల్ల తగ్గిపోయి, వాటి స్థానంలో పశువు ముట్టని గడ్లూ, ఒక్క వానకు మొలిచి ఎండిపోయే గడ్లూ వచ్చే క్రమాన్ని అక్కడి పచ్చిక శాస్త్రజ్ఞులు ఎంతో కాలంగా నమోదు చేస్తున్నారు. మన తోటల్లో ఆ ఖాళీలను ఆక్రమించేవి తుంగ, వయ్యారిభామ.

ఇక్కడ రైతులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. కాలువ గట్టున గరిక రోజూ గేదెల, మేకల నోట పడుతున్నా చావడం లేదు కదా, గినీకి మాత్రం విశ్రాంతి ఎందుకు అని. గరిక నేల మీద తీగలుగా పాకుతుంది, నేలలోపల కూడా దుంపవేళ్లతో విస్తరిస్తుంది. పశువు నాలుకకు అందనంత కిందుగా దాని ఆకూ మొగ్గా చాలా వరకు ఉండిపోతాయి. తూర్పు ఆఫ్రికాలో కూడా పెద్ద మేతజంతువులు నిత్యం మేసే పొట్టి పచ్చిక బయళ్లలో గరిక కనిపిస్తుంది. గినీ నిటారుగా లేచే దుబ్బు గడ్డి. వెన్ను వేసే దశకు వచ్చేసరికి దాని పెరిగే మొన కాండంతోపాటు పైకి వస్తుంది. అప్పుడు కోస్తే ఆ పిలక అంతటితో ముగిసినట్లే, అడుగు మొగ్గల నుంచి కొత్త పిలకలు పుట్టాలి. అందుకని నేలమట్టానికి చెక్కినట్లు కోయకుండా, 15 నుంచి 20 సెంటీమీటర్ల మోడు వదిలి, కోతకు కోతకు మధ్య వానాకాలంలో నెల పైబడి, చలికాలంలోనూ నీడ ఎక్కువ ఉన్న చోటనూ మరికొంత ఎక్కువ ఎడం ఇవ్వాలి. గేదెలను తోటలో వదిలి మేపేవారు తోటను మడులుగా విభజించి వంతులవారీగా తిప్పాలి. కరపత్రంలో ఈ రెండు వాక్యాలు చేర్చితే మొదటి హామీ నిజమైన హామీ అవుతుంది.

రెండవ హామీ అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించేది. దాళ్వా (రెండవ పంట) వరి కోత మిషనుతో పూర్తయిన తరువాత పొలంలో మిగిలిన గడ్డికి నిప్పు పెట్టడం డెల్టాలో చాలాచోట్ల అలవాటుగా మారింది. లంకల్లో ఎండిన రెల్లును తగలబెట్టి, లేత చిగుళ్ల మీదికి పశువులను తోలేవారు కూడా ఉన్నారు. ఇటువంటి చోట అచ్చు కాగితం మీద నిప్పు పెట్టమని రాసి ఇస్తే, దాన్ని ఆచరించడానికి ఎవరూ సందేహించరు.

సవన్నా గడ్డికి నిప్పు మేలు చేస్తుందన్న మాట ఎక్కడి నుంచి పుట్టిందో చూస్తే దాని హద్దులు కూడా తెలుస్తాయి. దక్షిణాఫ్రికాలో పీటర్‌మారిట్జ్‌బర్గ్ దగ్గర ఉకులింగా క్షేత్రంలో 1950 నుంచీ, క్రూగర్ జాతీయ పార్కులో 1954 నుంచీ ఒకే మడులను ఏటా, రెండేళ్లకు, మూడేళ్లకు ఒకసారి కాలుస్తూ, కొన్నింటిని అసలు కాల్చకుండా వదిలి, గడ్డిలోనూ చెట్లలోనూ వచ్చే మార్పులను నమోదు చేస్తున్నారు. ఉకులింగాలో కాల్చకుండా, కోయకుండా వదిలిన మడుల్లో థెమెడా ట్రయాండ్రా అనే మేలుజాతి గడ్డి దాదాపు కనుమరుగైంది. క్రమంగా కాల్చినవాటిలో అది నిలిచింది. ఈ గడ్డి మన దేశంలోనూ పెరుగుతుంది. ఏటేటా ఎండిన ఆకు పేరుకుని అడుగు పిలకలకు వెలుతురు అందకపోవడమే దాని క్షీణతకు కారణం. నిప్పు ఆ పాత ఆకును తొలగించడమే అది చేసిన మేలు. మరి ఏడాది పొడవునా కోసి గేదెలకు వేసే తోటలో పాత ఆకు పేరుకునే ప్రసక్తి ఎక్కడుంది? కొడవలి చేస్తున్న పనికి నిప్పు అవసరం లేదు.

కాలం మాట కూడా ఉంది. పొడి రుతువులో గడ్డి పైభాగం ఎండి, నిల్వలన్నీ వేళ్లలోకీ మొదళ్లలోకీ దిగి, మొక్క నిద్రాణంగా ఉన్నప్పుడు వచ్చే మంట దానికి పెద్ద హాని చేయదు. పచ్చగా పెరుగుతున్నప్పుడు వచ్చే మంట చాలా హాని చేస్తుంది. కొబ్బరికి నీరు పెట్టే తోటలో గినీ వేసవిలో కూడా నిద్రపోదు. అప్పుడు కాల్చితే, చిగురు కోసం నిల్వలను ఖర్చుచేసి ఉన్న మొక్కను మళ్లీ అదే ఖర్చుకు బలవంతపెట్టినట్లవుతుంది. మంట నడిచే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. గాలి వాలున పరుగెత్తే మంట తన వేడిలో ఎక్కువ భాగాన్ని పైకి పంపి త్వరగా దాటిపోతుంది. గాలికి ఎదురుగా నెమ్మదిగా పాకే మంట నేలమట్టంలో ఎక్కువసేపు నిలిచి దుబ్బు మొదళ్లను మాడ్చుతుంది. మనవాళ్లు అదుపులో ఉంటుందని ఎంచుకునేది ఈ రెండవ రకమే. కాలిన వెంటనే వచ్చే చిగురు మెత్తగా, పోషకాలతో ఉంటుంది కాబట్టి పశువులు దాని మీదికే ఎగబడతాయి. గడ్డికి అత్యంత నష్టం కలిగేది అక్కడే: నిప్పు తరువాత విశ్రాంతి లేకుండా మేపు పడితే నిలబడగల దుబ్బు గడ్డి చాలా అరుదు.

కొబ్బరి సంగతి వేరే చెప్పాలి. కొబ్బరికి తల్లివేరు ఉండదు. పీచువేళ్లలో ఎక్కువ భాగం చెట్టు చుట్టూ నేల పైపొరల్లోనే ఉంటుంది. మామిడికో వేపకో ఉన్నట్లు గాయాన్ని పూడ్చుకునే పొర దాని కాండంలో లేదు కాబట్టి, మొదట్లో కాలిన మచ్చ చెట్టు బతికినంత కాలం అలాగే ఉండి, చీడపీడలకు దారి ఇస్తుంది. రాలిన మట్టలు, డొక్కలు నేల మీద కప్పుగా ఉండి తేమను కాపాడుతున్న తోటలో నిప్పు పెడితే ఆ కప్పు మొత్తం పోతుంది. గడ్డిలోని నత్రజనిలో చాలా భాగమూ, గంధకంలో కొంత భాగమూ పొగతో గాలిలో కలిసిపోతాయి, పొటాష్ మాత్రం బూడిదలో మిగులుతుంది. కరపత్రంలోని ఈ వాక్యాన్ని తీసివేయవలసిందే. సవరణతో సరిపెట్టే వీలు లేదు.

మూడవ హామీ దగ్గరికి వస్తే, దానిలో సగం శాస్త్రం ఉంది. ముళ్లచెట్లు కమ్ముకుపోయిన సవన్నాలో చెట్లను పలుచన చేస్తే నీటికీ వెలుతురుకూ పోటీ తగ్గి గడ్డి పెరుగుతుందన్నది ఎన్నోచోట్ల చూసినదే. కానీ విడివిడిగా నిలబడిన చెట్టు కింద కథ తారుమారవుతుంది. కెన్యాలోని త్సావో ప్రాంతంలో ఎ. జాయ్ బెల్స్కీ, ఆమె సహచరులు గొడుగు తుమ్మల కిందా బావోబాబ్ చెట్ల కిందా కొలిచి చూసి, ఆరుబయలు కంటే చెట్టు నీడలోనే గడ్డి ఎక్కువగా పెరుగుతున్నదనీ, అక్కడి నేలలో పోషకాలు ఎక్కువగా ఉన్నాయనీ 1989లో ప్రచురించారు. రాలే ఆకు, నీడకు చేరే జంతువుల పేడ, కొమ్మల మీద వాలే పక్షుల రెట్ట, తగ్గిన నేల వేడి, అన్నీ అందుకు తోడవుతాయి. ఆఫ్రికా సవన్నాల్లో చెట్ల కిందనే ప్రత్యేకంగా కనిపించే గడ్లలో ముందు చెప్పుకోవలసింది మనం డబ్బిచ్చి కొంటున్న ఈ గినీయే. దాని సహజ స్థానం చెట్టు నీడ. అటువంటి గడ్డిని అమ్ముతూ చెట్లు కొట్టమని చెప్పడం దానికున్న గొప్ప గుణాన్నే పక్కన పెట్టడం.

చెట్లు కొట్టిన తరువాత మొదటి ఒకటి రెండేళ్లు దిగుబడి పెరిగే మాట నిజమే. చచ్చిన వేళ్లు కుళ్లి నత్రజని విడుదల కావడం, వెలుతురు రావడం అందుకు కారణం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో 1960ల నుంచి బ్రిగాలో తుమ్మ అడవులను లక్షల ఎకరాల్లో తొలగించి, మన అంజన్ గడ్డి జాతినే అక్కడ వేశారు. తొలి ఏళ్లలో పచ్చిక విరగపండింది. ఆ తరువాత నేలలోని నత్రజని చచ్చిన వేళ్లలోనూ ఆకు చెత్తలోనూ చిక్కుకుపోయి దిగుబడి ఏడాదికేడాది పడిపోయింది. నేలలో మిగిలిన వేళ్ల నుంచి చిగిర్చిన పొదల బెడద కూడా రైతులకు తప్పలేదు.

కొబ్బరి తోటలో వెలుతురు చెట్టు వయసును బట్టి మారుతుంది కాబట్టి కొట్టడం కంటే వయసు చూసి నాటడం తెలివైన పని. మొక్క దశలో ఎండ పుష్కలంగా నేలకు దిగుతుంది. సుమారు ఎనిమిదేళ్ల నుంచి పాతికేళ్ల వరకు మట్టలు కమ్ముకుని నీడ చిక్కగా ఉంటుంది. అప్పుడు గినీ కూడా పిలకలు తగ్గించి, ఆకును పలుచగా పొడవుగా సాగదీస్తుంది. పాతికేళ్లు దాటాక చెట్టు ఎత్తు పెరిగి ఏటవాలు వెలుతురు మళ్లీ లోపలికి వస్తుంది. 1996 నవంబరు తుపానులో కోనసీమ తోటలు నేలకొరిగిన తరువాత తిరిగి నాటిన చెట్లు ఇప్పుడు సరిగ్గా ఈ దశకు చేరాయి. అంటే ఏ చెట్టునూ తాకకుండానే గినీకి కావలసిన వెలుతురు మనలో చాలామంది తోటల్లో ఉంది. మా తోటలో పాత చెట్ల వరుసల మధ్య వేసిన గినీ చక్కగా వచ్చింది. నడివయసు చెట్ల కింద వేసినది బతికింది కానీ కోతలు తగ్గించవలసి వచ్చింది. నేపియర్ మాత్రం నీడను ఓర్వలేదు, దాన్ని ఎండ తగిలే గట్లకే పరిమితం చేయాలి. గట్ల మీది అవిసె, సుబాబుల్, గ్లైరిసిడియా చెట్లను కొట్టే బదులు కొమ్మలు కోసి గడ్డితో కలిపి మేపితే మాంసకృత్తులు కూడా అందుతాయి.

ఈ మూడు హామీలను విడివిడిగా రాయడంలోనే మరొక లోపం ఉంది. మేపు, మంట, చెట్టు ఒకదానినొకటి మార్చుకుంటూ ఉంటాయి. తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటి సవన్నాలో పశువులకు టీకాలు వేసి, వాటి నుంచి అడవి జంతువులకూ సోకే రిండర్‌పెస్ట్ వ్యాధిని అరికట్టిన తరువాత, 1960ల ఆరంభంలో సుమారు రెండున్నర లక్షలున్న వైల్డ్‌బీస్ట్ అనే అడవి మేతజంతువుల మంద 1970ల చివరికి 13 లక్షల దాకా పెరిగింది. అవి గడ్డిని మేసేయడంతో తగలబడడానికి ఎండుగడ్డి మిగలలేదు, మంటలు తగ్గాయి, మంటలకు బలవుతూ వచ్చిన చెట్ల మొలకలు ఎదిగి చెట్లు పెరిగాయి. మేత తగ్గితే ఇదే క్రమం తిరగబడుతుంది. హవాయి దీవుల్లోని లహైనా పట్టణం చుట్టూ వదిలేసిన పాత చెరకు తోటల్లో గినీ వంటి పరాయి గడ్లు మేసేవారు, కోసేవారు లేక ఎండి పెరిగాయి. 2023 ఆగస్టు 8న పెనుగాలిలో అంటుకున్న మంట దాదాపు 100 మందిని బలిగొంది. డెల్టా నేల తడినేలే అయినా, ఏప్రిల్, మే నెలల్లో రోడ్డు వారలు, కోయని గట్లు ఎండిపోతాయి. గినీ గింజ రాల్చి తనంతట తాను వ్యాపిస్తుంది కాబట్టి దాన్ని క్రమంగా కోయగలిగిన చోటే వేయాలి. వెన్ను వేయకముందే కోయాలి. సంకర నేపియర్‌కు మొలకెత్తే గింజ ఉండదు గనుక ఆ భయం లేదు. కొనుగోలుదారుకు ఈ తేడా చెప్పడం అమ్మేవారి బాధ్యత అని నా అభిప్రాయం.

సేవ విషయంలో ఒక చిన్న ఫిర్యాదు: దూరప్రాంతాలకు బస్సు పార్శిల్‌లో పంపేటప్పుడు సంచులను మళ్లీ తడిపే ఏర్పాటు లేదు. ఫోనులో అడిగితే ఓపికగా సమాధానం చెబుతారు, రాని పిలకలకు బదులు ఇస్తారు. కరపత్రం గురించి నేను చెప్పినదాన్ని యజమాని శ్రద్ధగా విని, నిప్పు పెట్టమన్న వాక్యాన్ని తరువాతి అచ్చులో తీసేస్తానన్నారు. తీసేసేవరకు ఆ కాగితాన్ని పక్కన పెట్టి పిలకలు మాత్రం నిశ్చింతగా కొనవచ్చు. పాత కొబ్బరి తోట ఉండి ఇంట్లో రెండు మూడు గేదెలు ఉన్నవారికి గినీ సరిపోతుంది. ఎండ తగిలే గట్టు, నీటి వసతి ఉన్నవారికి నేపియర్. తోటను చూసుకునే మనిషి లేక గడ్డిని దాని మానాన వదిలేయవలసిన వారు రెంటినీ కొనకపోవడం మేలు. జూన్‌లో కాలువలకు నీరు వదిలి వానలు పడ్డాక దుకాణం దగ్గర రద్దీ పెరుగుతుంది కాబట్టి మే నెలలోనే చెప్పి ఉంచి, వీలైతే స్వయంగా వెళ్లి తెచ్చుకుని, తెచ్చిన సాయంత్రమే నాటుకోండి.